తోసి చూసిన బండి

బండలు పరిచిన పెద్దవీధి మొదలయ్యే చోట ఏసుదాసు ఇంజను ఆపేశాడు. వెనక సీటు మీద నుంచి చెన్నప్ప ముందు ఒక కాలు దించి, కాసేపు ఆగి, రెండో కాలు దించాడు. దిగినాక కొడుకు భుజం పట్టుకుని దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా ఏసుదాసు బండిని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

గువ్వలదిన్నెలో ఊరు దూరంగా పెట్టినవాళ్ల పేట పల్లంలో, వంక ఒడ్డున ఉంటుంది. పేట నుంచి పెనుకొండ రోడ్డు ఎక్కాలంటే పెద్దవీధి గుండా పోవాల్సిందే. ఆ వీధి కొసదాకా ఎగువే. పేటవాళ్లెవరూ ఆ వీధిలో వాహనమెక్కి పోరు. సైకిలైనా సరే, దిగి నడిపించుకుంటూ పోవాలి. ఈ మధ్య కాలంలో ఆ మాట ఎవరూ గట్టిగా చెప్పింది లేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. యుద్ధంలో కబుర్లు మోసే మోటారు సైకిలు నడిపి వచ్చిన చెన్నప్ప, బెంగళూరులో మిలిటరీవాళ్లు అమ్మేసిన పాత బి.ఎస్.ఏ. బండిని కొనుక్కొచ్చిన రోజు కూడా దాన్ని ఇంటిదాకా తోసుకుంటూనే పోయాడు. ఆయన దగ్గర బండి నేర్చుకున్న ఏసుదాసు, ఎట్లా నడపాలో నేర్చుకున్నప్పుడే ఎక్కడ దిగాలో కూడా నేర్చుకున్నాడు.

"పద, పోదాం," అన్నాడు చెన్నప్ప.

ఏసుదాసు నడుము వంచి తోయడం మొదలుపెట్టాడు. యుద్ధానికని చేసిన బండి అది, ఇనుము ధారాళంగా పోసి చేశారు. ఎగువలో ప్రతి అడుగుకూ వెనక్కి లాగుతుంది. చెన్నప్ప ఎడమ పక్కన నడుస్తూ వెనక సీటు మీద అరచెయ్యి ఆనించాడు. చూసేవాళ్లకు ఆయన కూడా ఒక చెయ్యి వేసి తోస్తున్నట్టే ఉంటుంది. ఏసుదాసుకు తెలుసు, ఆయన తోయడం లేదు, ఆనుకున్నాడు. ఆ బరువు కూడా బండి బరువులో కలిసి తన మణికట్ల మీదికి వస్తోంది.

నడివీధిలో సంజీవప్ప మిద్దె. ఊరి పొలంలో సగం ఆయనదే. విత్తనం పదును దగ్గర పడిందని అరుగు కింద కూలి ఆడవాళ్ల చేత వేరుశనగ కాయలు ఒలిపిస్తున్నాడు.

"ఏమిరా చెన్నప్పా, దగ్గు తగ్గలేదా?"

"లేదు సామీ. ఆస్పత్రికి పోతాండాం."

"పెనుకొండ డాక్టరు మంచోడేలే. నా పేరు చెప్పు, బాగా చూస్తాడు. చన్నీళ్లు మాత్రం తాగొద్దురోయ్." ఆ మాట ఆయన నిజంగా దయతోనే అన్నాడు.

"అట్లనే సా..." అన్నాడు చెన్నప్ప. తర్వాత ఊపిరి అందలేదు. సీటు మీది చెయ్యి జారింది. ఆయన వెనక చక్రం పక్కన మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ బండల మీద ఆనించి, నోరు తెరుచుకుని గాలి కోసం వెతుక్కున్నాడు.

ఏసుదాసు చేతులు హ్యాండిలుకు అతుక్కుపోయాయి. బండి ఎడమకు ఒరిగి ఉంది. వదిలితే అది నాయన మీదే పడుతుంది. స్టాండు వెయ్యాలంటే వెనక చక్రం పైకెత్తాలి, ఆ ఎగువలో అది నిలవదు. తల మాత్రం వెనక్కి తిప్పి, "నాయనా... నాయనా..." అంటూ నిలబడ్డాడు.

"పట్టుకోరా వాణ్ణి!" అని అరిచాడు సంజీవప్ప. లేచి అరుగు అంచుదాకా వచ్చాడు కానీ మెట్టు దిగలేదు.

ఒడిలోని కాయలు నేల మీద పోసి పరుగెత్తుకొచ్చింది పుల్లమ్మే. పేటలో వాళ్ల పక్కిల్లు ఆమెది. చంకల కింద చేతులేసి చెన్నప్పను లేపి, వీపు నిమిరి, కొసదాకా నడిపించుకొచ్చింది. రోడ్డు మీద ఆయన్ను సీటెక్కించినాక ఏసుదాసుకు కిక్కు కొట్టడానికి మూడు నాలుగుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

డాక్టరు గొట్టం పెట్టి ముందూ వెనకా విన్నాడు. గుండె బాగా బలహీనపడిందనీ, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందనీ, వారం వారం సూది వెయ్యాలనీ చెప్పాడు.

"ఎగువ ఎక్కనీయొద్దు. నడిపించనే వద్దు. ఇంటి ముందర నుంచి బండి మీదే కదా తీసుకొచ్చేది?"

"అవును సార్," అన్నాడు ఏసుదాసు.

ఏసుదాసు ధర్మవరం లోకోషెడ్డులో ఫిట్టరు. రైల్వే క్వార్టరు ఇస్తామన్నారు కూడా. భార్య కాన్పుకని కదిరి దగ్గరి పుట్టింటికి పోయి ఉంది. ఆమె వచ్చేలోపల ధర్మవరం చేరిపోదామని తండ్రిని ఎన్నోసార్లు అడిగాడు. "మీ అమ్మను ఈడ ఇడిసిపెట్టి నేను యాడికీ రాను," అంటాడు చెన్నప్ప. ఆమె పోయి ఆరేళ్లు. వంక పక్కన మన్నయి ఉంది. ఆయన మాత్రం, పక్క ఊరికి పోయొస్తే ఆమెకు చెప్పి పోవాలన్నట్టుంటాడు.

మర్నాడు షెడ్డులో ఏసుదాసు పక్కన పనిచేసే ఓబులేసుతో అన్నాడు. "ఓబులేసూ, ఇంగొక మోటారు సైకిలు కావల్ల. పాతదైనా పర్వాలేదు."

"ఉండేది అమ్ముతావా?"

"ల్యా. అది నాయనది. అది ఉంటాది."

"రెండు బండ్లా! నువ్వు పెద్దోనివైపోయినావు పోబ్బా," అని నవ్వాడు ఓబులేసు. అతనికి మోటారు సైకిళ్లంటే ప్రాణం. సొంతానికి లేదు కానీ ఊళ్లో ఎవరి బండి ఎట్లా పోతుందో అన్నీ చెప్పగలడు. "అర్థమైందిలే. ఆ మిలిటరీది దున్నపోతు మాదిరి పోతాది. నీకు వేరే రకం సవారీ కావల్ల. అంతే కదా?"

"అంతే," అన్నాడు ఏసుదాసు.

సాయంత్రం ఓబులేసు అతన్ని ఒక పట్టుచీరల వ్యాపారి ఇంటికి తీసుకుపోయాడు. మద్రాసు నుంచి తెప్పించిన బుల్లెట్టు. వ్యాపారికి కీళ్లనొప్పులు వచ్చి అమ్మేద్దామనుకుంటున్నాడు. ఓబులేసు దాన్ని ఒక్క కిక్కుకు లేపి, ఇంజను కొట్టుకునే తాళానికి తల ఊపుతూ, "ఇను, ఇను! దీనిమీద కూచుంటే రెండో గుండె పెట్టుకున్నట్టుంటాది. ఎక్కు. అనంతపురం రోడ్డు మీద ఒక చుట్టు కొట్టి రాపో," అన్నాడు.

ఏసుదాసు ఇంజను ఆపాడు. గేరు తీసేసి బండిని వీధిలోకి దింపి, రైలుగేటు దగ్గర ఎత్తుగా లేచే రోడ్డుదాకా నడిపించుకుపోయాడు. అక్కడ కుడిచేత్తో హ్యాండిలు పట్టుకుని, ఎడమచెయ్యి తీసేసి తోశాడు. పది అడుగులు పోయేలోపల ముందు చక్రం తిరిగిపోయి బండి అతని తొడ మీదికి ఒరిగింది. ఓబులేసు పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు.

"వద్దులేబ్బా," అన్నాడు ఏసుదాసు.

"ఏమి తక్కువైంది దీనికి?"

"బరువు."

"బరువుంటేనే కదప్పా రోడ్డు మీద కుదురుగా పొయ్యేది! ఎక్కను కూడా ఎక్కకుండా వద్దంటావేమి?"

ఏసుదాసు బండిని వెనక్కి తిప్పాడు. ఓబులేసు కూడా ఒక చెయ్యి వేశాడు. కాసేపటికి, హిందూపురంలో బెల్లం మండీ లక్ష్మీనారాయణ దగ్గర జావా మోటారు సైకిలు ఉందనీ, ఆయన కారు కొన్నాడనీ, చూడదల్చుకుంటే ఆదివారం పోయి చూడమనీ చెప్పాడు.

ఆదివారం ప్యాసింజరు బండిలో ఏసుదాసు హిందూపురం పోయాడు. లక్ష్మీనారాయణ మండీ ముందు గోనెపట్టా తీసి చూపించాడు. ముదురు ఎరుపు రంగు, ట్యాంకు మీద మీగడ రంగు పట్టీ. ఎండలో కళ్లు చెదిరేట్టు మెరిసింది.

"మైసూరులో చేసింది. బిడ్డను సాకినట్ల సాకినానప్పా," అన్నాడు లక్ష్మీనారాయణ. "దుడ్ల మాట తర్వాత. ముందు దీని గుణం చెప్తా ఇను. మిగతా బండ్లు ఊరికంతా చెప్పి పోతాయి. ఇది చెప్పకుండా పోతాది. పెట్రోల్లోనే ఆయిలు కలిపి పొయ్యల్ల. ఈ కడ్డీ చూడు, గేరుకూ ఇదే, కిక్కుకూ ఇదే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు. ఎడమకాలుతో కొట్టల్ల. మొదట్లో కాలు తడబడతాది, తర్వాత ఇంగొక బండి ఎక్కాలనిపించదు. ఎక్కి చూడు."

"ఒకసారి తోసి చూస్తా సార్."

మండీ పక్కన బస్తాల బండ్లు ఎక్కడానికి కట్టిన ఏటవాలు ఉంది. ఏసుదాసు బండికి ఎడమ పక్కన నిలబడి, కుడిచేత్తో హ్యాండిలు మధ్యలో పట్టుకుని తోశాడు. అది వచ్చింది. సగంలో ఆపాడు. ఆగింది. మళ్లీ తోశాడు. మళ్లీ కదిలింది. రెండోసారి ఎక్కించేటప్పుడు అతని ఎడమచెయ్యి పక్కకు చాచుకుని, మోచెయ్యి దగ్గర వంగి, గాలిలో ఒక మనిషి నడుము చుట్టూ వేసినట్టు నిలిచింది.

"ఏందప్పా, ఆ చెయ్యి అట్ల పెట్టుకున్నావు?"

ఏసుదాసు చటుక్కున చెయ్యి దించాడు. "ఊరికే సార్."

"బండి కొనేది ఎక్కేకా, తోసేకా?" అని లక్ష్మీనారాయణ పకపకా నవ్వాడు. హమాలీలు కూడా నవ్వారు. వాళ్లతో పాటు ఏసుదాసు కూడా నవ్వాడు. "మా ఊర్లో దావ బాగలేదు సార్," అన్నాడు.

బేరం కుదిరింది. ఎండ వాలుతుండగా అతను ఆ బండెక్కి పెనుకొండ దారి పట్టాడు. సోమందేపల్లి దాటేదాకా ఎడమకాలు తప్పులు చేస్తూనే ఉంది. ఆ తర్వాత ఒక మలుపులో, హ్యాండిలు తిప్పకుండా ఒళ్లు కొంచెం వాల్చేసరికి బండి కూడా అతనితో వాలింది. పాత బండిని మలుపు తిప్పాలంటే దానితో ముందే మాట్లాడుకోవాలి. ఇది మాట అడగలేదు. తర్వాతి మలుపులో కావాలనే ఇంకొంచెం వాల్చాడు. దూరాన పెనుకొండ కొండ నల్లగా లేస్తోంది. ఎవరూ లేని ఆ రోడ్డు మీద ఏసుదాసు గట్టిగా నవ్వాడు. నవ్వినాక, ఇంతసేపు నాయన గుర్తు రాలేదని తట్టి, వేగం తగ్గించాడు.

గువ్వలదిన్నె చేరేసరికి ఇంకా వెలుతురుంది. వీధి కొసన దిగి, ఇంజను ఆపి, దిగువకు నడిపించుకుంటూ వచ్చాడు. సంజీవప్ప అరుగు మీద నుంచి పిలిచాడు.

"కొత్తబండా? యాడ తెచ్చినావు?"

"హిందూపురంలో సామీ. పాతదే."

సంజీవప్ప ఎగాదిగా చూశాడు. ఒంటిచేత్తో పట్టుకున్న తీరు చూశాడు. ఆయనకు అంతా అర్థమైంది.

"మంచి పని చేసినావురా. మొన్న మీ నాయన పడిపోతే నాకే కడుపు తరుక్కుపోయె. ఇది తేలిగ్గుండాది. వాణ్ణి ఒకపక్క పట్టుకోని ఒకపక్క తోసుకోవచ్చు. బుద్ధిమంతునివి."

ఆ మెప్పు మోసుకుని ఏసుదాసు పేటదాకా నడిచాడు.

చెన్నప్ప గుమ్మం బయట నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. బండిని చూసి, ఎవరి సాయమూ లేకుండా లేచాడు. చుట్టూ తిరిగాడు. చక్రం పుల్లలు వేలితో మీటి విన్నాడు. ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. ఏసుదాసు గేరు కడ్డీని నొక్కి తిప్పి కిక్కు చేసి చూపిస్తే ఆయన ముఖం చిన్నపిల్లవాడి ముఖమైపోయింది. "ఒక్క కడ్డీతో రెండు పనులు చేయించినాడే! ఎవడోగానీ బుర్ర గలోడు," అన్నాడు. మళ్లీ చూపించమన్నాడు. తానే నొక్కి తిప్పి చూశాడు.

"ధర్మవరంలో బుల్లెట్టు ఉండాదంటివే?"

"అది బరువు నాయనా."

"బరువుంటే ఏమి? రోడ్డు మీద అదే కదా నిలకడ." చెన్నప్ప సీటు తట్టాడు. "సరేలే. కొనకముందర దీన్ని ఎంత దూరం తోలి చూసినావు?"

ఏసుదాసు తల వంచుకుని చేతి గుడ్డతో లైటు తుడవసాగాడు. "తోసి చూసినా."

"అదేలే, ఎంత దూరం తోలినావు?"

"తోలలేదు నాయనా. తోసి చూసినా."

చెన్నప్ప ఆ మాటను నోట్లోనే ఒకసారి అనుకున్నాడు. బండిని చూశాడు. కొడుకును చూశాడు. మంచం మీద కూర్చున్నాడు. పుల్లమ్మ ఇంట్లో పొయ్యి పొగ రెండిళ్ల మధ్యా తిరుగుతోంది.

"ఒంటిచేత్తో వస్తాదా?"

"వస్తాది."

"ఆ రెండో చెయ్యి నాకా?"

ఏసుదాసు లైటు తుడుస్తూనే ఉన్నాడు. అన్నానికి పిలిస్తే చెన్నప్ప రాలేదు. పాకలో ఉన్న పాత బండి దగ్గరికి పోయి, ఒక గుడ్డపీలికతో దాని ఇంజను రెక్కల సందుల్లోని దుమ్మంతా తీస్తూ కూర్చున్నాడు. మధ్యమధ్య ఆగి, దగ్గి, మళ్లీ తీశాడు. ఏసుదాసు చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని ఆ హ్యాండిలు పట్టుకున్నాడు. పెద్దవీధి మొదట్లో తనను ముందుగా కిందికి దించి, "ఈడ నడవల్ల నాయనా," అన్నది కూడా ఆయనే.

సూది వెయ్యాల్సిన రోజు పొద్దున ఏసుదాసు తువ్వాలు తీసుకుని బయటికొచ్చేసరికి చెన్నప్ప కొత్తబండి మీద కూర్చుని ఉన్నాడు. వెనక కాదు, ముందు. తెల్లచొక్కా వేసుకున్నాడు.

"వీధిదాకా నేను తోల్తా. వెనక ఎక్కు."

వీధిదాకానే కదా అని ఏసుదాసు ఎక్కాడు. చెన్నప్ప కడ్డీని నొక్కి తిప్పి, ఎడమకాలుతో ఒక్కసారే కొట్టాడు. ఇంజను అందుకుంది. మొదటి గేరు తడబడకుండా పడింది. ఎప్పుడు నేర్చుకున్నాడో ఏసుదాసుకు తెలియదు.

బండలు వచ్చాయి. ఏసుదాసు కాళ్లు దిగడానికి సిద్ధమయ్యాయి.

"నాయనా, ఆపు."

చెన్నప్ప ఆపలేదు.

"నాయనా, వీధి వచ్చింది. ఆపు నాయనా."

"గట్టిగ పట్టుకో," అన్నాడు చెన్నప్ప.

బండి ఎగువ ఎక్కింది. వేగంగా కాదు, పరుగెత్తే మనిషి దాటిపోయేంత నిదానంగా. ఏసుదాసు కళ్లు ఎత్తలేదు. తండ్రి నడుము రెండు చేతులా పట్టుకుని తల వంచేశాడు. అతనికి కనిపించిందల్లా తెల్లచొక్కా కింద వరసగా లేచి ఉన్న వెన్నుపూసలు. ఎక్కడో తలుపు చప్పుడైంది. ఎవరో ఎవరినో పిలిచారు. నడివీధి దగ్గర చెన్నప్ప గొంతు, రోజూ ఉండేట్టే, మర్యాదగా వినిపించింది.

"దండం సామీ. ఆస్పత్రికి పోతాండాం."

జవాబు రాలేదు.

రోడ్డెక్కి, వీధి కనుమరుగైనాక చెన్నప్ప బండి ఆపాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఏసుదాసు దిగి ఆయన్ను పట్టుకున్నాడు. ఆయన గుండె కొట్టుకునేది చొక్కా మీద నుంచే తెలుస్తోంది.

"ఇంగ నువ్వు తోలు," అన్నాడు. వెనక సీటు మీదికి మారినాక కొంచెం ఊపిరి తీసుకుని, "ఇంజను మంచిదే. గొంతే చిన్నది," అన్నాడు.

డాక్టరు ఆయన్ను ఇంటికి పంపలేదు. మంచం ఇచ్చాడు. సాయంత్రందాకా చెన్నప్ప తెలివిగానే ఉన్నాడు. కోడలు కాన్పు అయిందేమో కబురు కనుక్కోమన్నాడు. మర్నాడు మధ్యాహ్నం, ఏసుదాసు తాగడానికి నీళ్లు తెచ్చేలోపల పోయాడు.

గుంత తవ్వించే ఏర్పాటు చూడాలని ఏసుదాసు ఊరికి బయల్దేరాడు. వీధి కొసన అతని కాళ్లు వాటంతటవే దిగాయి. దిగినాక అతనికి ఆ సంగతి తెలిసింది. మళ్లీ ఎక్కే ఓపిక లేక, అట్లాగే నడిపించుకుంటూ దిగువకు వచ్చాడు.

అరుగు మీద సంజీవప్పతో పాటు ఊరి పెద్దలు ఇద్దరున్నారు. కబురు అప్పటికే చేరింది.

"అయ్యో, పాయనంటనే చెన్నప్ప," అన్నాడు సంజీవప్ప. ఆయన కళ్లలో తడి కనిపించింది. "చిన్నప్పుడు నాతో వంకలో ఈదినోడురా వాడు. మంచోడు."

ఏసుదాసు తల ఊపాడు.

"ఒక మాట చెప్తా, మనసులో పెట్టుకోకు. నిన్న జరిగిందానికి ఊర్లో చానామంది కోపంగా ఉండారు. నేనే సర్ది చెప్తాండా. జబ్బు మనిషి, జొరం తలకెక్కి మతి లేక చేసినాడు అని. నువ్వు కూడా ఆ ఒక్క మాట వీళ్ల ముందర అనెయ్. ఆడికి సరిపోతాది. మీ సమాధులుండేది వంక పక్కన నా చేని గట్టులోనే కదా, ఎప్పుడైనా కాదన్నానా? మీ అమ్మ పక్కన పెట్టుకో. పాడెకు కట్టెలు, గుడ్డ, ఏం కావల్నన్నా నేనిస్తా."

పెద్దలిద్దరూ అతని వైపు చూస్తున్నారు. కోపంగా కూడా కాదు, పని అయిపోతే లేద్దామన్నట్టు. మాట చిన్నదే. అన్నా వినడానికి నాయన లేడు. అంటే ఆయన అమ్మ పక్కకు చేరుతాడు. అందుకే కదా ఊరు కదలనన్నది. ఏసుదాసు నోరు తెరిచాడు. మతి లేక అని అనబోయాడు. ఆ మాట నోటిదాకా వచ్చి, మొన్న సాయంత్రం చెన్నప్ప అడిగినంత మెల్లగా, తెలివిగా, "ఆ రెండో చెయ్యి నాకా?" అన్న మాట దగ్గర ఆగిపోయింది.

"మా నాయనకు మతి బాగుండె సామీ," అన్నాడు.

పెద్దల్లో ఒకాయన లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"తెలిసే తోలినాడు."

"ఆలోచించుకోని మాట్లాడు," అన్నాడు సంజీవప్ప.

"ఆలోచించే చెప్తాండా."

"అట్లయితే ఈడ చోటు లేదురా," అన్నాడు సంజీవప్ప. వేరెవరో తేల్చిన మాటను తాను చేరవేస్తున్నట్టు, విచారంగానే అన్నాడు.

ఏసుదాసు పేటకు పోలేదు. అక్కడే బండి మలిపి, ఎక్కి, కిక్కు కొట్టాడు. ఆ ఎగువంతా బండి మీదే పోయాడు. ఎవరూ అడ్డం రాలేదు. చావు ఇంటివాడని ఊరుకున్నారో, మళ్లీ రాడులే అనుకున్నారో తెలియదు. ఆస్పత్రి చేరేదాకా ఏడుపు రాలేదు. చేరినాక, అమ్మకు ఏమని చెప్పాలో తెలియక వచ్చింది.

మర్నాడు ధర్మవరంలో రైలుకట్టకు అవతలి క్రైస్తవుల సమాధుల తోటలో ఓబులేసు, షెడ్డువాళ్లు కలిసి గుంత తవ్వారు. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేశారు. మట్టి కప్పినాక షెడ్డువాళ్లు డ్యూటీకి పోయారు. ఓబులేసు తోట గేటు బయట కూర్చున్నాడు.

మధ్యాహ్నం ప్యాసింజరు వచ్చిపోయిన కాసేపటికి కట్ట మీద నుంచి నలుగురైదుగురు దిగి రావడం కనిపించింది. ముందు పుల్లమ్మ. వెనక పేటవాళ్లు. పెనుకొండ దాకా నడిచి రైలెక్కారు. ఆ పొద్దు కూలికి పోలేదు. రేపు పోతే రానిస్తారో లేదో కూడా తెలియదు. కొత్తమట్టిని చూసి పుల్లమ్మ నిలబడిపోయింది. "కడచూపన్నా లేకపాయనే మామా," అని నేల మీద కూర్చుంది. ఏడ్చింది. మిగతావాళ్లు తలొక పిడికెడు మట్టి వేశారు.

పుల్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని ఏసుదాసు దగ్గరికి జరిగింది.

"ఒక మాట అడుగుతా చెప్పబ్బా. ఆ పొద్దు మీరు వీధిలో పోతాంటే మేమంతా ఆడే కాయలు ఒలుస్తాంటిమి. బండి చప్పుడు ఇనపడె. మామ దండం పెట్టింది ఇనపడె. ఒక్కరమన్నా తల ఎత్తలేదు. భయం. చూసినట్ల కనపడితే ఏమైతాదో అని." ఆమె కొత్తమట్టి వైపు చూసింది. "చూసింటే బాగుండు. ఎట్ల కూర్చోనుండె మామ? ముఖం ఎట్లుండె?"

పేటవాళ్లు అతని చుట్టూ నిలబడి ఎదురుచూస్తున్నారు.

"నాకూ తెలీదు పుల్లమ్మక్కా," అన్నాడు ఏసుదాసు. "నేను కూడా తల వంచుకోనుంటి."